పైన ఉన్న చెక్క ఎంత మందమో అడిగావా చెల్లీ?

ప్రశ్న: అక్కా, మా కొత్త ఇల్లు పూర్తి కావచ్చింది. హాలుకి, రెండు బెడ్‌రూమ్‌లకి వెనీర్ చెక్క ఫ్లోరింగ్ వేయించాలని నాకు ఎప్పట్నుంచో ఆశ. షాపులో ఓక్ శాంపిల్ చూశాను, చేత్తో తడిమితే కింద పెట్టబుద్ధి కాలేదు. గీతలు పడితే ఎప్పుడైనా పాలిష్ పట్టించుకోవచ్చు, 20 ఏళ్లు ఢోకా లేదు అన్నాడు షాపతను. మా ఆయనేమో లామినేట్ చాలు అంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ల బాబు ఉన్నాడు, కుక్క ఉంది, మా అత్తగారికి రోజూ బకెట్ నీళ్లతో ఇల్లు తుడిస్తే గానీ తృప్తి ఉండదు. వేయించుకోమంటావా, వద్దంటావా? వేయిస్తే ఎలా చూసుకోవాలి?

సమాధానం: చెల్లీ, బెడ్‌రూమ్‌లకి వేయించుకో, హాలుకి మాత్రం వద్దు. ఎందుకో చెప్తా, కాస్త ఓపిగ్గా చదువు, ఎందుకంటే షాపతను చెప్పిన రెండు మాటల్లో ఒకటి నీ పలక్కి దాదాపు వర్తించదు, రెండోదాన్ని కాగితం మీద చదివితే గానీ నమ్మకూడదు.

వెనీర్ అంటే బోర్డు మీద అంటించిన పల్చటి అసలు చెక్క పొర, అందుకని షాపులో నువ్వు అడగాల్సింది ఒకటే ప్రశ్న, పైన ఉన్న అసలు చెక్క ఎంత మందం? పలక మొత్తం మందం అడక్కు, 10 మిల్లీమీటర్లనో 14 అనో చెప్తారు, అది వినగానే అబ్బో గట్టిదే అనిపిస్తుంది. ఆ 14లో చెక్క ఎంత, మిగతాది ఏంటి అని అడుగు. వెనీర్ ఫ్లోరింగ్ పేరుతో వచ్చేవాటిలో చాలావాటికి పై చెక్క ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు, 0.6 మామూలుగా కనిపించే సైజు. మనం పర్సులో పెట్టుకునే ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అంటే నువ్వు తడిమి తడిమి మురిసిపోయిన ఆ ఓక్ బహుశా కార్డు కన్నా పల్చన. దాని కింద ఉండేది హెచ్‌డీఎఫ్, అంటే చెక్క పీచులో జిగురు కలిపి వేడి మీద గట్టిగా నొక్కి చేసిన బోర్డు, లేకపోతే ప్లైవుడ్. ఇందులో మోసమేం లేదు, పైనున్నది నిజంగా చెట్టులోంచి వచ్చిన చెక్కే, ఆ చారలూ ఆ రంగూ నిజమైనవే. కాకపోతే నీ దగ్గరుండేది ఆ కాస్తే, అది పోతే మళ్లీ రాదు. ఇంకేం కొనాలి, ఎలా పరిపించాలి, ఎలా తుడవాలి అన్నీ ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంటాయి.

నాకిది మా ఇంట్లోనే తెలిసొచ్చింది. ఓక్ వెనీర్ వేసిన గదిలో కిటికీ పక్కన ఇనప స్టాండు పెట్టి దాని మీద మొక్క కుండీ ఉంచా. నీళ్లు పోసినప్పుడల్లా కింద పళ్లెంలోకి దిగేవి, ఎప్పుడో పళ్లెం నిండి అంచు మీంచి కారి స్టాండు కాలి కిందకి చేరుంటాయి, నేను చూసుకోలేదు. ఒకరోజు గది సర్దుతూ స్టాండు జరిపితే కాలున్న చోట చొక్కా గుండీ అంత నల్లమచ్చ, సిరా చుక్క పడ్డట్టు. నిజానికి అది సిరా లాంటిదే, ఓక్‌లో టానిన్ అని సహజంగానే ఉంటుంది, దానికి తడీ ఇనుమూ తోడైతే నల్లబడుతుంది, పాతకాలంలో సిరా తయారుచేసింది కూడా ఓక్ చెట్టు మీద వచ్చే కాయల్లాంటి బుడిపెల్ని ఇనుముతో కలిపే. సరే, తుడిస్తే పోలేదు, పాలిష్ పట్టించుకోవచ్చు అన్న మాట నేనూ విన్నదాన్నే కాబట్టి ఉప్పు కాగితం తెచ్చి రుద్దడం మొదలెట్టా. మచ్చ పలచబడుతోంది పలచబడుతోంది అనుకుంటుండగానే చెక్క చారలు మాయమైపోయి మధ్యలో మట్టిరంగు బోర్డు బయటపడింది, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అంతకుముందున్న నల్లమచ్చే నయం అనిపించింది. చివరికి ఆ పలకే మార్చాల్సొచ్చింది, గోడ నుంచి మూడో వరసలో ఉంది కాబట్టి సరిపోయింది గానీ గది నడిమధ్యలో ఉండుంటే సగం గది విప్పాల్సి వచ్చేది.

ఇప్పుడు లెక్క చూడు. మిషన్ పెట్టి ఒక్కసారి శాండింగ్, అంటే ఉప్పు కాగితంతో అరగదీయడం, చేస్తే అర మిల్లీమీటర్ పైనే లేచిపోతుంది. 0.6 ఉన్నదానికి శాండింగ్ అన్న మాటే ఎత్తకూడదు. పైపొర 2 మిల్లీమీటర్లుంటే చెయ్యి తిరిగినవాడు జాగ్రత్తగా ఒకసారి చేయగలడు, 3 నించి 4 ఉంటే రెండు మూడుసార్లు తట్టుకుంటుంది, 6 ఉంటే మొత్తం చెక్కతోనే చేసిన పలకతో దాదాపు సమానం. యూరప్ ప్రమాణాల్లో పైచెక్క కనీసం 2.5 మిల్లీమీటర్లుంటేనే దాన్ని పార్కే అనాలి, అంతకు తగ్గితే వెనీర్ ఫ్లోర్ అని వేరే కేటగిరీ, ఎందుకు విడదీశారో నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అందుకని పాలిష్ పట్టించుకోవచ్చు అన్న షాపతన్ని, ఎన్ని మిల్లీమీటర్ల మీద పట్టిస్తావు బాబూ అని అడుగు. ఒక్కటి మాత్రం కుదురుతుంది, చెక్కని ముట్టుకోకుండా పైనున్న వార్నిష్ కోటింగ్‌ని మాత్రం సన్నగా గరుకు చేసి దాని మీద కొత్త కోటు వేయడం. అది కూడా పాత కోటు పూర్తిగా అరిగిపోకముందే చేయించాలి, ముందు ఒక మూల వేసి పట్టుకుంటోందో లేదో చూడాలి, ఎప్పుడైనా మైనం పాలిష్ రాసి ఉంటే మటుకు కొత్త కోటు అంటుకోదు, పొరలు పొరలుగా లేచొస్తుంది. ఈ మైనం మాట గుర్తుపెట్టుకో, మెరుస్తుందని ఎవరో ఒకరు తెచ్చి రాస్తారు.

20 ఏళ్ల సంగతికొస్తే వారంటీ కాగితం తెప్పించుకుని చదువు. చాలావాటిలో ఆ ఏళ్లన్నీ పై కోటింగ్ పూర్తిగా అరిగిపోవడానికే, గీతలకీ సొట్టలకీ నీళ్ల వల్ల ఉబ్బినదానికీ ఎండకి రంగు మారినదానికీ ఉండదు. ఇంట్లో నిజంగా జరిగేవి ఆ నాలుగే కదా.

మీ ఆయన చెప్పిన లామినేట్‌ని తీసిపారేయకు, ఆయన మాటలో పస ఉంది. లామినేట్‌లో పైన చెక్క ఉండదు, చెక్క ఫోటో ప్రింట్ చేసి దాని మీద మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ పొర వేస్తారు, ఆ పొర గీతలకి వెనీర్ కన్నా బాగా ఆగుతుంది, కుక్క గోళ్లకీ బొమ్మకార్లకీ అదే నయం. అలాగని నీళ్లకి అది గొప్పదేం కాదు, కింద అదే హెచ్‌డీఎఫ్, మామూలు రకాలు తడిస్తే అవీ ఉబ్బుతాయి. చూపులో తేడా తెలుసుకోవాలంటే నాలుగు పెట్టెలు విప్పించి పలకలన్నీ పక్కపక్కన పరిపించు, లామినేట్‌లో అదే ముడి అదే చార మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, వెనీర్‌లో ఏ రెండు పలకలూ ఒకటిగా ఉండవు. ఇంకో మాట, ఏసీ3 ఏసీ4 అని అరుగుదలకి ఎంత ఆగుతుందో చెప్పే రేటింగ్ చూపిస్తే అది లామినేట్‌ది, చెక్క వెనీర్‌కి ఆ అంకె వర్తించదు, వెనీర్ పెట్టె చేతిలో పెట్టి ఏసీ రేటింగ్ చెప్పే మనిషికి తను అమ్మేదేంటో తనకే తెలీదని అర్థం.

అందుకే హాలు వద్దన్నా. వీధి తలుపు అక్కడే తెరుచుకుంటుంది, చెప్పులతో ఇసుక వచ్చేది అక్కడికే, కుక్క పరుగులు అక్కడే, బాబు ఆటలు అక్కడే, కుర్చీలు లాగేది అక్కడే. హాల్లో కూడా చెక్కే కావాలని మనసు కొట్టుకుంటుంటే పైచెక్క 3 మిల్లీమీటర్లకి తగ్గని ఇంజినీర్డ్ వుడ్, అంటే బోర్డు మీద మందమైన చెక్క అంటించిన పలక, తీసుకో, లేదా అక్కడికి మీ ఆయన మాట విని లామినేట్ వేయించు. బెడ్‌రూమ్‌లో ఉత్తకాళ్లతో నడుస్తాం, మంచం బీరువా ఒకచోట పెడితే కదలవు, అక్కడ 0.6 వెనీర్ కూడా ఏళ్ల తరబడి కళకళలాడుతూ ఉంటుంది. వంటింట్లోకి, బాత్రూమ్ గుమ్మం దాకా మాత్రం ఎవరెంత చెప్పినా తీసుకెళ్లకు.

కొనేటప్పుడు పలకని పక్కకి తిప్పి అంచు చూడు. పైన సన్నటి గీతలా వేరే రంగులో కనిపించేదే నీ చెక్క, కింద ముదురుగా ఒకే ముద్దలా ఉంటే హెచ్‌డీఎఫ్, అడ్డంగా నిలువుగా పొరలుంటే ప్లైవుడ్. హెచ్‌డీఎఫ్ గట్టిది, బరువైన వస్తువు పడితే సొట్ట తక్కువ పడుతుంది కానీ అంచులో నీళ్లు పీలిస్తే ఉబ్బుతుంది, ఉబ్బింది ఆరినా కిందకి దిగదు. ప్లైవుడ్ మంచి జిగురుతో చేసిందైతే చెమ్మకి కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు కాబట్టి జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు గురించి కూడా అడుగు, అది తక్కువగా వదిలే ఈ1 లేదా అంతకన్నా మంచి గ్రేడ్ అని పెట్టె మీద రాసుండాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లు మండేలా ఘాటు వాసనొస్తే ఆ పెట్టె అక్కడే వదిలేసి వచ్చేయ్.

చెక్క గట్టిదనానికి యాంకా అంకె ఒకటి చెప్తారు. 1906లో ఆస్ట్రియాకి చెందిన గాబ్రియేల్ యాంకా పెట్టిన పరీక్ష, 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండుని సగం దాకా చెక్కలోకి దించడానికి ఎంత బలం కావాలో చూస్తారు. పౌండ్ల బలంలో చెప్తే వైట్ ఓక్ 1360, హార్డ్ మేపుల్ 1450, అమెరికన్ బ్లాక్ వాల్‌నట్ 1010. మొత్తం చెక్కతోనే చేసిన పలకకి ఈ అంకెలు బాగా పనికొస్తాయి గానీ నీ 0.6 పొరలో ఆ గుండు ఎప్పుడో కింద బోర్డులోకి వెళ్లిపోతుంది, అందుకని అంకె చూసి మోసపోకు, బోర్డు గట్టిదేనా కోటింగ్ మంచిదేనా అనేవే నీకు ముఖ్యం. కోటింగ్‌లో అల్యూమినియం ఆక్సైడ్ కలిపిన వార్నిష్ అయితే అరుగుదలకి బాగా ఆగుతుంది. నూనె ఫినిష్ ఉన్నవి చేతికి ఇంకా హాయిగా ఉంటాయి, చిన్న గీతపడితే ఆ ఒక్కచోట మళ్లీ నూనె రాసుకోవచ్చు, కానీ ఏడాదికోసారైనా పూనుకుని రాయాలి, పసిపిల్లాడితో నీకు తీరిక ఉండదు, వార్నిష్ వేసిందే తీసుకో. మెరుపు వద్దు, మ్యాట్ తీసుకో, గ్లాసీ మీద వెంట్రుక వాసి గీత కూడా కిటికీ వెలుగులో ఎత్తి చూపిస్తుంది.

పరిచే ముందు సంగతి కూడా చెప్పాలి, కొత్త ఇల్లన్నావు కాబట్టి నాకు అన్నిటికన్నా దీని మీదే భయం. కాంక్రీటు పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల చెమ్మ నెలల తరబడి ఉంటుంది. రెండడుగుల చదరం పాలిథిన్ షీటు తీసుకుని నాలుగువైపులా గాలి దూరకుండా టేపు వేసి నేలకి అంటించు, 16 గంటలకి తక్కువ కాకుండా, వీలైతే ఒకటి రెండు రోజులు అలా వదిలెయ్. తీసినప్పుడు లోపలివైపు చెమట పట్టినా, కింద నేల ముదురు రంగు తిరిగినా ఇంకా ఆగాలి. ఏమీ కనిపించకపోయినా పూర్తిగా ఆరిందని గ్యారంటీ కాదు, పరిచేవాళ్లతో మాయిశ్చర్ మీటర్ పెట్టించి అంకె చూపించమను, మొహమాటపడకు. వాళ్లకి ఒక్కరోజులో పని అయిపోవాలని ఉంటుంది, ఆ నేల మీద ఏళ్ల తరబడి ఉండేది నువ్వు.

పెట్టెలు తెచ్చిన వెంటనే పరిపించకూడదు, ఆ గదిలోనే పడుకోబెట్టి కనీసం 48 గంటలు ఉంచాలి, చెక్క ఆ గది గాలికి అలవాటు పడాలి. చెక్క అడ్డంగా సాగుతుంది, ముడుచుకుంటుంది, గాలిలో తేమ మారినప్పుడల్లా అలా ఊపిరి తీస్తూనే ఉంటుంది, అందుకే చుట్టూ గోడల దగ్గర 10 మిల్లీమీటర్ల దాకా ఖాళీ వదిలి దాన్ని స్కర్టింగ్‌తో కప్పేస్తారు. కొందరు ఫినిషింగ్ బాగుంటుందని ఆ ఖాళీలో పుట్టీ కూరేస్తారు, అలా చేస్తే తేమ ఎక్కువైన రోజుల్లో సాగడానికి చోటు లేక నేల మధ్యలో పైకి లేస్తుంది, కాలేస్తే మెత్తగా ఊగుతుంది. పరిచేటప్పుడు నువ్వో మీ ఆయనో దగ్గరుండండి. గదిలో గాలి తేమ 40 నించి 60 శాతం మధ్య ఉంటే చెక్కకి హాయి, చిన్న హైగ్రోమీటర్ ఒకటి గోడకి తగిలించుకుంటే నీకే తెలిసిపోతుంది.

ఇక మీ అత్తగారి బకెట్. దీని గురించి నువ్వు ఉత్తరంలో చివరాఖర్లో రాశావు గానీ ఆ నేల ఎన్నాళ్లు ఉంటుందనేది చాలావరకు దీనితోనే తేలుతుంది. పైన కోటింగ్ ఉంది కదా నీళ్లేం చేస్తాయి అనుకుంటాం, పలక పైభాగానికి నిజంగానే ఏం కాదు, నీళ్లు దిగేది రెండు పలకల మధ్య జాయింట్లోకి. అక్కడ కోటింగ్ లేదు, పచ్చి బోర్డే. రోజూ కొంచెం కొంచెం పీల్చుకుని అంచులు సన్నగా గట్టులా లేస్తాయి, ముందు కంటికి కనపడదు, సాయంత్రం వెలుగు ఏటవాలుగా పడ్డప్పుడు గానీ, ఉత్తకాళ్లతో నడుస్తుంటే అరికాలికి గానీ తెలుస్తుంది, ఆ లేచిన అంచు మీదే అందరి కాళ్లూ రాసుకుని కోటింగ్ ముందు అక్కడే అరుగుతుంది, అప్పుడు నీళ్లకి ఇంకా దారి దొరుకుతుంది. పెద్దావిడకి ఈ పని చేయొద్దు అని చెప్తే బాధపడతారు, అలా చెప్పకు, బెడ్‌రూమ్‌లకి ఒక మైక్రోఫైబర్ మాప్ విడిగా కొనివ్వు. గుడ్డని పిండగలిగినంత పిండి, చేత్తో పట్టుకుంటే చల్లగా తగలాలి కానీ చుక్క కారకూడదు, తుడిచాక ఒక్క నిమిషంలో ఆరిపోవాలి, అదే కొలత. శుభ్రం చేసే మందు వాడితే న్యూట్రల్ పీహెచ్‌ది, అదీ నేల మీద కాకుండా గుడ్డ మీద చల్లాలి. వెనిగర్, అమోనియా, బ్లీచ్, సబ్బు నీళ్లు ఏవీ వద్దు, స్టీమ్ మాప్ అయితే అసలే వద్దు, వేడి ఆవిరి జాయింట్లోకీ జిగురులోకీ నేరుగా వెళ్తుంది. షాపులో అడిగి ఒక చిన్న ముక్క తెచ్చి రాత్రంతా నీళ్లలో వేసి పొద్దున్న అత్తగారికి చూపించు, నువ్వు వంద మాటలు చెప్పేకన్నా ఆ ఉబ్బిన ముక్క చెప్తుంది.

రోజూ చేయాల్సింది నిజానికి పొడి ఊడ్పే. కోటింగ్‌ని అరగదీసేది నడక కాదు, కాళ్ల కింద ఇసుక. మెత్తటి చీపురు, లేదా మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్, అందులో తిరిగే గట్టి బ్రష్ ఉంటే ఆపెయ్. కుర్చీ కాళ్లకి ఫెల్ట్ ప్యాడ్‌లు అంటించాక మర్చిపోతాం, నెలకోసారి కుర్చీ తిరగేసి చూడు, ఆ మెత్తటి ఫెల్ట్‌లో ఇసుక రేణువులు ఇరుక్కుని అదే ఉప్పు కాగితంలా తయారవుతుంది, దులిపితే పోకపోతే మార్చెయ్. తలుపు దగ్గర బయటొకటి లోపలొకటి పట్టాలు వేయి, కానీ లోపల వేసేదానికి కింద రబ్బరు ఉండకూడదు, కొన్ని రకాల రబ్బరు కోటింగ్‌తో కలిసి పోని పసుపు మరక వదుల్తుంది. కుక్క గోళ్లు కత్తిరిస్తూ ఉండు, నీళ్ల గిన్నె బెడ్‌రూమ్‌లో పెట్టకు. బాబు పాస్ పోస్తే ఎంత త్వరగా పీల్చేస్తే అంత మంచిది, గుడ్డతో అద్దు, రుద్దకు.

కిటికీ పక్కన రంగు మారుతుంది, అది చెక్క స్వభావం, ఓక్ కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది, చెర్రీ ముదురుతుంది, వాల్‌నట్ వెలిసిపోతుంది. మొదటి కొన్ని నెలలు తివాచీ ఒకేచోట వేసి వదిలేయకు, తీసినరోజు దాని ఆకారం నేల మీద అలాగే ఉండిపోతుంది. చిన్న గీతలకి ఆ రంగు వ్యాక్స్ ఫిల్లర్ స్టిక్ దొరుకుతుంది, కరిగించి నింపి ప్లాస్టిక్ ముక్కతో మట్టం చేస్తే దగ్గరగా చూస్తే తప్ప తెలీదు. సొట్ట పడితే తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె పెట్టమని ఎవరైనా చెప్తారు, అది కోటింగ్ లేని, మొత్తం చెక్కతోనే చేసిన పలకకి పనిచేస్తుంది, నీ వెనీర్‌కి చేశావంటే జిగురు వదిలి బుడగలా లేస్తుంది.

తెల్ల మచ్చ కనిపిస్తే కంగారు పడకు, అది మామూలుగా కోటింగ్‌లోనే ఉంటుంది. నల్లమచ్చ వచ్చిందంటే నీళ్లు చెక్కదాకా చేరినట్టు, నాలా ఉప్పు కాగితం పట్టుకోకుండా పలక మార్పించు. అందుకోసమే కొనేటప్పుడు కొలతకి పది శాతం ఎక్కువ తీసుకో, కోతల్లో కొంత పోయినా ఒక పెట్టె మిగలాలి, ఆ పెట్టెని నిలబెట్టకుండా మంచం కింద పడుకోబెట్టి ఉంచు, అదే గది గాలిలో ఉంటుంది కాబట్టి ఎప్పుడు అవసరమైనా సరిగ్గా కూర్చుంటుంది. రెండు మూడేళ్ల తర్వాత షాపుకెళ్తే అదే రకం అదే షేడ్ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఆర్డర్ ఇచ్చేముందు ఆ పాలిథిన్ షీటు పరీక్ష మాత్రం చేయి చెల్లీ, షీటు కింద ఏం కనిపించిందో, పలక అంచులో పైచెక్క ఎంత ఉందని చెప్పారో నాకు రాయి, అప్పుడు ఆ శాంపిల్ తీసుకోవచ్చో లేదో చెప్తా.